సముద్రం వైపు గుమ్మాలు

క్రొయేషియాలోని స్ప్లిట్ నగరం చేరిన సాయంత్రం మేం ఉత్తరం వైపున్న బంగారు ద్వారం గుండా పాత ఊళ్ళోకి నడిచాం. రోమన్ చక్రవర్తి డయోక్లిషియన్ 305లో గద్దె దిగాక ఉండటానికి కట్టించుకున్న కోట అది. ఇప్పుడు ఆ గోడల మధ్యే జనం కాపురాలు చేస్తున్నారు, కిటికీల్లో బట్టలు ఆరేసుకుంటున్నారు. చూసినదంతా బాగుంది కానీ, ఆ రోజు నాకు అదొక పెద్ద రాతి కట్టడంగానే కనిపించింది. ఫోటోలు తీసుకుని, మర్నాడు ఎక్కబోయే పడవ గురించిన టెన్షన్‌తో గదికి వచ్చేశాం.

మేం నలుగురం. అన్నయ్య, వదిన, వాళ్ళ పద్నాలుగేళ్ల అమ్మాయి, నేను. క్రొయేషియాలోని డల్మేషియా తీరం వెంట స్ప్లిట్ నుంచి డుబ్రోవ్‌నిక్ దాకా తెరచాప పడవలో వెళ్ళి రావాలని అన్నయ్యకు ఎన్నో ఏళ్ల కోరిక. అక్కడ పడవను నడపడానికి మన చేతికే అద్దెకిస్తారు. నడిపే మనిషి లైసెన్సు చూపించాలి, పడవలు, రేవులు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో వాడటానికి విడిగా ఇంకో సర్టిఫికెట్ చూపించాలి. అన్నయ్య ఈ రెండూ ముందే సంపాదించుకున్నాడు. అయినా ఆ నీళ్ళు తనకు కొత్త కాబట్టి మొదటి ఐదు రోజులకు ఒక స్థానిక స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపే మనిషిని కూడా మాట్లాడుకున్నాం. అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఈ ఖర్చుకు వెనకాడొద్దని నా మాట. రేవులో పడవ ఆపడం చదివితే వచ్చే విద్య కాదు.

అద్దె వారం లెక్కన, శనివారం నుంచి శనివారానికి. మేం రెండు వారాలకు తీసుకున్నాం, 40 అడుగుల పడవ, మూడు గదులు. శనివారం మధ్యాహ్నం అందరి పాస్‌పోర్టు వివరాలు రాసుకుని, డిపాజిట్ కింద కార్డు మీద కొంత డబ్బు ఆపి, పడవ అప్పగించారు. ఆ అప్పగింతకు రెండు గంటలు పట్టింది, అది కూడా మా స్కిప్పర్ పట్టుబట్టడం వల్లే. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి ఊరుకోకుండా ఒక్కొక్కరం తొడుక్కుని బెల్టులు సరిచేసుకున్నాం. లంగరు మోటారు ఆడించి చూశారు. పడవ పక్కల ఉన్న గీతలన్నిటికీ ఫోటోలు తీయించారు. నీళ్ళ ట్యాంకు మీటరు నిండుగా చూపిస్తోంది, దాన్ని మాత్రం అందరం నమ్మేశాం.

ఆ రాత్రి మరీనాలోనే, అంటే పడవలు కట్టే రేవులోనే పడుకున్నాం. పడుకునే ముందు స్కిప్పర్ పైన కూర్చోబెట్టి గాలుల గురించి చెప్పారు. ఈ తీరంలో ముఖ్యంగా మూడు. వేసవిలో పగటి ఎండకు నేల వేడెక్కితే వాయవ్యం నుంచి వచ్చేది మాయెస్ట్రాల్. పొద్దున పది, పదకొండుకు లేచి సాయంత్రానికి తగ్గిపోతుంది, పడవకు చాలా మంచిది. ఈశాన్యం నుంచి కొండల మీదుగా కిందికి దూకే చల్లటి పొడి గాలి బూరా. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి మాత్రం ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. ఆగ్నేయం నుంచి వచ్చేది యూగో. మబ్బు, తేమ తెస్తుంది, మెల్లగా పెరుగుతూ రెండు మూడు రోజులు ఉండిపోతుంది, పెద్ద కెరటాలు లేపుతుంది. "ఏ ఊరికి వెళ్ళాలో మీరు రాసుకోండి, ఎప్పుడు వెళ్ళాలో ఈ మూడూ చెప్తాయి" అన్నారాయన.

ఆదివారం పొద్దున స్ప్లిట్ రేవు దాటాక అన్నయ్య పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పాడు. పెద్ద తెరచాప పైకి లాగేటప్పుడు గుడ్డ టపటపా కొట్టుకుంటుంది, ఆ చప్పుడుకు పక్కన మనిషి మాట వినపడదు. మేనకోడలూ నేనూ వించ్ అనే తాడు చుట్టే చక్రం దగ్గర తాడు లాగుతున్నాం. తెరచాప నిండుగా పైకి వెళ్ళాక అన్నయ్య పడవను కొద్దిగా పక్కకు తిప్పి ఇంజిన్ ఆపేశాడు. చప్పుడంతా ఒక్కసారి పోయింది. పడవ ఒక వైపుకు ఒరిగి, కింద నీళ్ళు ఒరుసుకునే శబ్దంతో తనంతట తాను ముందుకు సాగింది. వదిన రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, భయం పోయాక కూడా చాలాసేపు వదల్లేదు. ఒరగడం తెరచాప పడవ తీరేనని, పడవ అడుగున ఉన్న కీల్ అనే బరువైన పలక దాన్ని మళ్ళీ నిలబెడుతుందని స్కిప్పర్ నచ్చజెప్పారు.

మొదటి మజిలీ బ్రాచ్ దీవిలోని మిల్నా. పది నాటికల్ మైళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మా పడవ మామూలు గాలికి గంటకు ఐదారు మైళ్ళు పోయేది. ఊరు లోతైన అఖాతం చివర ఉంది. ముందు రేడియోలో మరీనా వాళ్ళ 17వ ఛానల్ మీద పడవ పొడుగు, వెడల్పు చెప్పి చోటు అడిగాం. ఆ తర్వాత జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణంలో రోజూ గుండె దడ పుట్టించే పని ఇదే.

అక్కడ పడవను గట్టు పక్కన పెట్టరు. రెండు పడవల మధ్య సందులోకి వెనక్కి నడిపి, వెనక భాగం గట్టుకు ఆనించి కడతారు. ముందు వైపు కదలకుండా నీటి అడుగున కాంక్రీటు దిమ్మెకు కట్టిన తాడు ఒకటి ఉంటుంది. గట్టు మీది మనిషి దాని కొస పైకి ఎత్తి చూపిస్తాడు. దాన్ని కొక్కెం కర్రతో అందుకుని, పడవ అంచు వెంట నడుచుకుంటూ ముక్కు దాకా తీసుకెళ్ళి బిగించి కట్టాలి. ఆ పని నాది. తాడు నిండా పాచి, బురద, వాటి మధ్య చాకులాంటి చిన్న చిన్న గవ్వలు. స్కిప్పర్ ముందే చేతి తొడుగులు ఇచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అరచేయి తెగిపోయేది. గాలి ఎటు నుంచి వస్తుంటే వెనక ఆ వైపు తాడు ముందు వెయ్యాలి. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఏ తాడూ ప్రొపెల్లర్ దగ్గరికి పోకూడదు. మేనకోడలు రెండు చేతులా ఫెండర్లు, అంటే గాలి నింపిన మెత్తలు పట్టుకుని, పక్క పడవకు తగిలేచోటల్లా అడ్డం పెడుతోంది. మొత్తం నాలుగైదు నిమిషాలు. అన్నయ్య ఇంజిన్ ఆపాక చూస్తే చొక్కా వెన్నంతా తడిసిపోయి ఉంది.

సోమవారం హ్వార్ దీవిలోని స్టారి గ్రాడ్. పేరుకు అర్థం పాత ఊరు. ఏజియన్ సముద్రంలోని పారోస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు క్రీస్తుపూర్వం 384లో ఈ ఊరు పెట్టారు, ఫారోస్ అని పేరు పెట్టుకున్నారు. పడవలో వస్తే వాళ్ళు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో అడగక్కర్లేదు. బయట సముద్రం నుంచి అఖాతం లోపలికి పొడుగ్గా పోతుంది. లోపలికి వెళ్తున్నకొద్దీ కెరటం చిన్నబోయి, ఊరు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు చెరువులా అయిపోయాయి. ఊరి వెనక చదునైన సాగునేల. ఎగుడుదిగుడు దీవిలో అంత చదును నేల దొరకడం పెద్ద వరం. ఆ గ్రీకులు దాన్ని కొలిచి సుమారు 180 మీటర్ల వెడల్పు, 900 మీటర్ల పొడుగు ముక్కలుగా విడగొట్టి రాళ్ళతో గట్లు పేర్చారు. ఆ హద్దులు చాలావరకు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. 2008లో యునెస్కో ఈ పొలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సైకిళ్ళు తీసుకుని ఆ గట్ల మధ్య సాయంత్రం దాకా తిరిగాం. ద్రాక్ష, ఆలివ్ తోటలు. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాళ్ళు. ఒక పెద్దాయన గట్టులోంచి జారిన రాయిని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అదే సందులో కుదురుగా పెట్టారు. ఆ పొలం ఇరవై నాలుగు వందల ఏళ్లుగా అలా నిలబడి ఉంది మరి.

హ్వార్ పట్టణం ఎదురుగా ఉన్న పక్లెని దీవుల్లో ఒక రాత్రి ఉన్నాం. క్రొయేషియన్ భాషలో నరకానికి వాడే మాట పకావో, అందుకని వీటిని నరక దీవులని అనుకునేవాళ్ళున్నారట. నిజానికి ఆ పేరు పైన్ చెట్ల జిగురు నుంచి వచ్చింది. పడవ చెక్కల సందులు పూడ్చడానికి ఆ జిగురు వాడేవాళ్ళు. అక్కడే మా నీళ్ళు అయిపోయాయి. వదిన గిన్నెలు కడుగుతుండగా కుళాయి దగ్గింది, ఆగిపోయింది. మీటరు మాత్రం నిండుగానే చూపిస్తోంది. అది మొదటి రోజు నుంచీ పని చెయ్యడం లేదన్నమాట. అద్దెకిచ్చిన వాళ్ళకు ఫోన్ చేస్తే ఏదో ఒక మరీనాలో నింపుకోండి అన్నారు తప్ప తప్పు ఒప్పుకోలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. సముద్రం మధ్య ఉండే నలుగురికి నీళ్ళ లెక్క తప్పుగా చూపించడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత మీటరు జోలికి పోకుండా, రేవు దొరికినచోటల్లా ట్యాంకు పొర్లేదాకా నింపాం. తాగే నీళ్ళు విడిగా సీసాల్లో పెట్టుకున్నాం.

హ్వార్ పట్టణంలో మేం నీళ్ళు నింపుకున్నంతసేపే ఉన్నాం. రేవు ఒడ్డునే పాత ఆయుధశాల ఉంది, దాని కింది తోరణం ఎంత పెద్దదంటే యుద్ధ పడవను లోపలికి లాగి మరమ్మతు చేసేవాళ్ళు. దాని పై అంతస్తులోనే 1612లో నాటకశాల పెట్టారు. మిగతా ఊరంతా జనం కిటకిటలాడుతోంది, మాకు ఆగబుద్ధి కాలేదు.

బుధవారం మధ్యాహ్నానికి విస్ చేరాం. ఈ దీవి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. క్రొయేషియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న రోజుల్లో ఇది సైనిక స్థావరం. 1989 దాకా విదేశీయులను రానివ్వలేదు. అందుకే మిగతా దీవుల్లో కనిపించే పెద్ద హోటళ్ళ హడావుడి ఇక్కడ లేదు. మర్నాడు పొద్దున స్కిప్పర్ మా దగ్గర సెలవు తీసుకుని ఫెర్రీ ఎక్కాల్సి ఉంది. ఆయన ఆ రాత్రే గట్టు మీద నిలబడి ఆగ్నేయం వైపు చూసి అన్నయ్యతో అన్నారు: "యూగో వస్తోంది. రెండు రోజులు కదలకండి. విస్ రేవు దీనికి పనికొస్తుంది, బూరాకు పనికిరాదు. తాళ్ళు రెట్టింపు వేసుకోండి."

ఆయన వెళ్ళిన గురువారం మధ్యాహ్నం నుంచి గాలి పెరిగింది. ముందు తడి వచ్చింది. దుప్పట్లు, పుస్తకాలు, చెక్క మెట్లు అన్నీ చెమ్మగిల్లాయి. తర్వాత రేవులోని పడవల తెరచాప స్తంభాల తాళ్ళన్నీ ఒకేసారి కొట్టుకోవడం మొదలైంది. అరవై, డెబ్బై పడవల తాళ్ళు ఆ లోహపు స్తంభాలకు తగులుతుంటే రాత్రంతా అదే మోత. అన్నయ్య ముందు తాడు బిగించి పడవను గట్టు నుంచి ఒక మీటరు దూరానికి లాగాడు, చుక్కాని గోడకు కొట్టుకోకుండా. వెనక తాళ్ళు గట్టు రాయికి ఒరుసుకునే చోట పాత తువ్వాళ్ళు చుట్టాం. గంటకోసారి లేచి చూస్తే తువ్వాలు అరిగి పోగులు వేలాడుతున్నాయి. మూడు తువ్వాళ్ళు అలా అయిపోయాయి, తాడు మాత్రం తెగలేదు.

కదలలేకపోవడం వల్లే మేం విస్‌ను బాగా చూశాం. రేవు లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న నేల ముక్క మీద ఫ్రాన్సిస్కన్ మఠం ఒకటి ఉంది. దాని గోడ ఒక వైపు వంపు తిరిగి ఉంటుంది. మేనకోడలు "అత్తా, గోడ ఇలా వంకరగా ఎందుకు కట్టారు?" అని అడిగింది. అక్కడ ఉన్నది రోమన్ల నాటి నాటకశాల. దాని మెట్ల వంపు మీదే మఠం గోడ లేపారు. అంతకు ముందు ఇదే చోట గ్రీకుల ఇస్సా పట్టణం ఉండేది. అఖాతం అవతలి వైపు బ్రిటిష్ శ్మశానం ఉంది. నెపోలియన్ కాలంలో, 1811లో ఈ దీవి దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకుంటూ అక్కడొక రాయి ఉంది. గ్రీకులు, రోమన్లు, బ్రిటిష్ వాళ్ళు, యుగోస్లావియా సైన్యం, అందరూ ఒకే అఖాతం కోసం వచ్చారు. దాని లోపలే మేమూ యూగోకు దాక్కుని ఉన్నాం.

శుక్రవారం బస్సులో కొండ దాటి దీవి పడమటి ఒడ్డున ఉన్న కొమిజాకు వెళ్ళాం. అక్కడ సముద్రం గట్టు మీదికి ఎగిరి పడుతోంది, ఒక్క పడవ కూడా కట్టి లేదు. పక్కనే బిషెవో దీవిలోని నీలి గుహ చూడాలని మాకు ఎంతో ఆశగా ఉండేది. గుహ గుమ్మం చాలా చిన్నది, అలలు లేస్తే మూసేస్తారు. ఆ రోజు మూసే ఉంది. బదులుగా కోటలోని జాలరుల మ్యూజియంలోకి వెళ్ళాం. అక్కడ ఫల్కూషా అనే తెరచాప పడవ ఉంది. తొమ్మిది మీటర్ల పొడుగు, ఐదుగురు మనుషులు. గాలి ఉన్నప్పుడు అలలు లోపలికి రాకుండా పక్కలకు అదనపు పలకలు బిగించేవాళ్ళు, గాలి పడిపోతే వాటిని ఊడదీసి తెడ్లు వేసేవాళ్ళు. కొమిజా నుంచి 42 నాటికల్ మైళ్ళ దూరంలో పలగ్రూజా అనే చిన్న దీవి ఉంది. దాని చుట్టూ చేపలు బాగా దొరుకుతాయి కానీ పడవలు లాగి పెట్టుకోవడానికి చోటు తక్కువ. అందుకని ఆ చోటు కోసం అందరూ ఒకేసారి బయలుదేరి పందెంలా వెళ్ళేవాళ్ళు. అన్నయ్య ఆ పడవ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. పలక బిగించే గాడిలో వేలు పెట్టి చూస్తూ "ఇంజిన్ లేదు, మీటరు లేదు, ఈ గాలిలో వీళ్ళు 42 మైళ్ళు వెళ్ళారు" అన్నాడు. మా పడవ మీద అప్పటిదాకా నాకున్న ఫిర్యాదులు అక్కడితో తగ్గాయి.

శనివారం తెల్లారేసరికి యూగో పోయింది. ఆరు గంటలకే తాళ్ళు విప్పాం. స్కిప్పర్ లేకుండా మొదటి రోజు, అందులోనూ అన్నిటికంటే పొడుగు రోజు. పొద్దున మిగిలిపోయిన కెరటాల మీద ఇంజిన్‌తో వెళ్ళాం, వదినకూ నాకూ కడుపులో తిప్పింది. దిగంతం వైపు చూస్తూ చుక్కాని పట్టుకుంటే తగ్గుతుందని అన్నయ్య నన్ను అక్కడ నిలబెట్టాడు, నిజంగానే తగ్గింది. మధ్యాహ్నం మాయెస్ట్రాల్ వెనక నుంచి అందుకుంది. కోర్చులా దీవికి, పెల్యెషాట్స్ ద్వీపకల్పానికి మధ్య ఉన్న జలసంధిలో ఆ గాలి గరాటులో పోసినట్టు ఇంకా పెరుగుతుంది. అన్నయ్య పెద్ద తెరచాప దించేసి ముందు తెరచాప ఒక్కటే, అదీ సగం చుట్టి ఉంచాడు. గాలి పెరగకముందే తెరచాప తగ్గించాలి, పెరిగాక తగ్గించడం కష్టమని ఆ రోజు కళ్ళారా చూశాను. మా పక్క నుంచి నిండు తెరచాపలతో వెళ్ళిన పడవ ఒకటి కొద్దిసేపటికి అదుపు తప్పి పూర్తిగా పక్కకు తిరిగిపోయింది. నలుగురు మనుషులు ఆ గుడ్డను లాగలేక అవస్థపడ్డారు.

సాయంకాలపు ఎండలో కోర్చులా పట్టణం ముందుగా బురుజులు, తర్వాత గోడలు, తర్వాత గంట గోపురం చూపించుకుంటూ నీళ్ళలోంచి లేచింది. ఊరు మొత్తం చిన్న రాతి కొమ్ములా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. మర్నాడు అక్కడే ఆగాం. మార్కో పోలో పుట్టింది ఇక్కడేనని ఆ ఊరివాళ్ళు గట్టిగా చెప్పుకుంటారు, ఇల్లు కూడా చూపిస్తారు. నాకు దానికంటే ఆ ఊరి వీధులే ముఖ్యమనిపించింది.

పాత ఊరి నడుమ ఒక వీధి వెన్నెముకలా పోతుంది. దాని రెండు పక్కలా చేప ముల్లులాగా సన్నటి సందులు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ నడిమి వీధిలో నిలబడితే ఎండ రాళ్ళ మీద కాలుతోంది. పడమటి వైపు సందు మొదట్లోకి అడుగు పెట్టగానే మొహానికి చల్లటి గాలి తగిలింది. సందు తిన్నగా ఉంది, చివర సముద్రం కనిపిస్తోంది. నిన్న మమ్మల్ని తోసుకొచ్చిన మాయెస్ట్రాల్ అదే, ఇప్పుడు ఊళ్ళోకి వస్తోంది. మేనకోడలు తలకు కట్టుకున్న గుడ్డ విప్పి చేత్తో పట్టుకుంటే అది నిలువునా రెపరెపలాడింది. అదే గుడ్డ పట్టుకుని తూర్పు వైపు సందులోకి వెళ్ళింది. ఆ సందు కొద్దిగా వంపు తిరిగి ఉంది, చివర సముద్రం కనపడదు. గుడ్డ కదల్లేదు. శీతాకాలంలో ఆ వైపు నుంచి వచ్చే బూరా ఇళ్ళలోకి సూటిగా కొట్టకుండా ఆ వంపు పెట్టారు. వేసవి గాలికి తలుపు తెరిచి, చలిగాలికి తలుపు మూసి కట్టిన ఊరు. మూడు గాలుల గురించి స్కిప్పర్ చెప్పిన పాఠం ఇక్కడ రాతిలో ఉంది. రోడ్డు మీద వచ్చి ఉంటే ఇవి చల్లటి సందు, వేడి సందు అనుకుని వెళ్ళిపోయేదాన్ని. గాలితో వారం రోజులు బతికాం కాబట్టి దాని భాష కొంచెం అర్థమైంది.

తర్వాత మ్లెట్ దీవి, పోలాచే అఖాతం. దీవిలో ఈ పడమటి భాగం 1960 నుంచి జాతీయ పార్కు, ప్రవేశ రుసుము కట్టాలి. ఒడ్డున రోమన్ల నాటి రాజభవనం మొండిగోడలు ఎత్తుగా నిలబడి ఉన్నాయి, ఊరి రోడ్డు వాటి మధ్య నుంచే పోతుంది. ఊరి పేరు కూడా ఆ భవనం నుంచే వచ్చింది. ఇక్కడ మొదటిసారి లంగరు మీద ఆధారపడ్డాం. ఎనిమిది మీటర్ల లోతులో 30 మీటర్ల గొలుసు వదిలి, ఇంజిన్ మెల్లగా వెనక్కి నడిపి లాగి చూశాం. ఒడ్డున ఒక పైన్ చెట్టును, దాని వెనక గోడ మూలను గురి పెట్టుకుని చూస్తున్నాను. రెండూ ఒకే వరుసలో ఉండాలి, మెల్లగా చెట్టు పక్కకు జరిగింది. లంగరు పట్టలేదు, జారుతోంది. పైకి లాగితే లంగరు చుట్టూ సముద్రపు గడ్డి బురదతో సహా పెద్ద మోపులా వచ్చింది. గడ్డి మీద లంగరు నిలవదు, ఇసుకలోనో బురదలోనో గుచ్చుకోవాలి. పైగా ఆ గడ్డి సముద్రానికి చాలా అవసరమైనది, దాన్ని పీకడం నాకు బాధనిపించింది. నీళ్ళ రంగు లేతగా కనపడే చోటు వెతికి ఈసారి 40 మీటర్లు వదిలాం. పట్టింది.

అయినా ఆ రాత్రి రెండు రెండు గంటల చొప్పున కాపలా పెట్టుకున్నాం. నా వంతు అర్ధరాత్రి దాటాక వచ్చింది. రెండింటికి ఈశాన్యం నుంచి చల్లగా గాలి దిగింది. గొలుసు గరగరమని సాగింది, పడవ మెల్లగా తిరిగి ముక్కును గాలి వైపు పెట్టుకుంది. చెట్టు, గోడ మూల చీకట్లో కనపడవు, పడవ చోటు మారితే మోగేలా ఫోన్‌లో పెట్టిన లంగరు అలారం చుక్కనే చూస్తూ కూర్చున్నాను. చుక్క గీత లోపలే అటూ ఇటూ ఊగింది. ఒడ్డున ఆ పాత గోడ ఆకాశం కంటే నల్లగా నిలబడి ఉంది. తెల్లారేదాకా నిద్ర రాలేదు, రావాలని కూడా అనిపించలేదు.

డుబ్రోవ్‌నిక్ దగ్గర పాత రేవులో మాలాంటి పడవలు రాత్రి ఉండటానికి వీల్లేదు. ఊరి పక్కన నది లాంటి అఖాతం లోపలికి వెళ్ళి, చివరన ఉన్న మరీనాలో కట్టి, బస్సులో వెనక్కి రావాలి. కానీ వచ్చేటప్పుడు సముద్రం మీంచి గోడల ముందుగా మెల్లగా ఒక చుట్టు తిరిగాం. 1940 మీటర్ల ప్రాకారం. ఊళ్ళోకి వెళ్ళాక గోడల మీద నడిచాం, జనం ఒకరి వెనక ఒకరు వరుసగా కదులుతున్నారు, అంత సుఖంగా లేదు. నన్ను ఆలోచింపజేసింది ఊరి బయట ఉన్న పాత క్వారంటైన్ భవనాలు. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్ళెవరైనా ముందు మర్కాన్ దీవిలోనో త్సావ్‌టాట్‌లోనో నెల రోజులు ఉండి కానీ ఊళ్ళోకి రాకూడదని 1377లోనే ఈ నగరం చట్టం చేసింది. సముద్రం మీద బతికే ఊరికి సరుకు వచ్చే గుమ్మమే రోగం వచ్చే గుమ్మం కూడా. గుమ్మం మూసేస్తే ఊరు బతకదు, కాబట్టి గుమ్మం ముందు వేచి ఉండే చోటు కనిపెట్టారు.

తిరుగు ప్రయాణం ఎక్కువ భాగం ఇంజిన్ మీదే, గాలి లేదు. మ్లెట్‌లో ఒకుక్లె అనే చిన్న పల్లెలో ఒక రాత్రి. అక్కడ భోజనశాలలకు సొంత గట్లు ఉంటాయి, అక్కడ తింటే పడవ కట్టినందుకు విడిగా డబ్బు తీసుకోరు. మరో రాత్రి హ్వార్ పక్కన ష్చెద్రో దీవిలో. ఉదారమైన అనే అర్థం వచ్చే మాట నుంచి దానికి ఆ పేరు వచ్చిందంటారు, తుఫానులో చిక్కిన పడవలకు చోటిచ్చే అఖాతాలు ఉండటం వల్ల. దీపాలు లేవు, రోడ్డు లేదు. లంగరు మొదటిసారికే పట్టింది.

శుక్రవారం సాయంత్రానికి పడవ స్ప్లిట్‌లో ఉండాలి. డీజిల్ నింపుకోవడానికి వారం ముగించుకున్న పడవలన్నీ వరుసలో నిలబడ్డాయి, గంటన్నర పట్టింది. మునిగేవాడు ఒకడు దిగి కీల్, చుక్కాని చూసి పైకి వచ్చి బొటనవేలు ఎత్తాడు. నీళ్ళ మీటరు సంగతి రాసి సంతకం పెట్టి ఇచ్చాం. మొదటి రోజు తీసిన ఫోటోల వల్ల పాత గీతకు మా డిపాజిట్ కోసే ప్రయత్నం అక్కడే ఆగిపోయింది.

శనివారం బ్యాగులు మరీనాలో పెట్టి చివరిసారి కోటకు వెళ్ళాం. ఈసారి రివా మీద నుంచి, దక్షిణం వైపు. అక్కడ ఉన్నది చాలా చిన్న గుమ్మం, అలంకారం ఏమీ లేదు. రివా అనే ఆ వెడల్పాటి దారి తర్వాత కట్టింది. చక్రవర్తి కాలంలో సముద్రం ఆ గోడ దాకా ఉండేది, పడవ దిగి ఆ గుమ్మం గుండానే కింది నేలమాళిగల్లోకి వెళ్ళేవాళ్ళు. అన్నయ్య గుమ్మం ముందు ఆగి వెనక్కి తిరిగాడు. రెండు వారాల అలవాటు కొద్దీ గాలి ఎటుందా అని ముందు రేవులోని జెండాలు చూశాడు.

"ఇక్కడ పడవ కట్టాలంటే తాడు ముందు ఎటు వేస్తావు?" అని కూతుర్ని అడిగాడు.

మేనకోడలు ఎదురుగా ఉన్న నీళ్ళు చూసింది, అటూ ఇటూ చూసింది. "ఇది దక్షిణానికి తెరుచుకుని ఉంది నాన్నా. యూగో రోజున అసలు ఇక్కడ కట్టను" అని లోపలికి నడిచింది.